వస్త్రచిత్ర వర్ణపరివర్తనము

వస్త్రముమీద అచ్చువేయబడిన, కుంచెతో వ్రాయబడిన, లేక మగ్గముమీద నేయబడిన చిత్రమునకు ఛాయాచిత్రము తీసి, ఆ వస్త్రమును మరల అద్దకపు తొట్టిలో ముంచకయే కంప్యూటరు తెరమీద దాని రంగులను మార్చి, అట్లు మార్చినను మడతల నీడలు, ముడుతల మిట్టపల్లములు, నూలు గరుకుదనము, పట్టు మెరుపు మున్నగునవి యథాతథముగా నిలుచునట్లు చేయు విద్య ఈ వ్యాసమునకు విషయము. ఒకే చీర ఛాయాచిత్రమునుండి చిలకపచ్చ, వంగపండు, మామిడిచివురు, మెంతిరంగు చీరలను నాలుగింటిని కేటలాగునకు ఎక్కించు వ్యాపారియు, అచ్చు వేయకముందే టీషర్టుమీది బొమ్మ ఏ రంగులో ఎట్లుండునో కొనువానికి చూపు ముద్రాపకుడును, నలుపుతెలుపు చలనచిత్రములోని పాత్రల కోకలకును ఉత్తరీయములకును వన్నెలు దిద్దు కళాకారుడును ఈ విద్యనే ఆశ్రయించుచున్నారు. అనుభవము చాలనివారు రంగును మాత్రమే చూచి నీడను మరచుటచేత వారు మార్చిన వస్త్రము రంగుకాగితమును కత్తిరించి అంటించినట్లు చదునుగా కనబడును. రంగు ఎన్నుకొనుటకు కన్ను చాలును గాని, నీడను గుర్తించి వేరుచేయుటకు కాంతిశాస్త్రముతో కొంత పరిచయము కావలయును.

ఈ విద్యను వివరించుటకు పశ్చిమ వంగదేశమునందలి రైల్వే పట్టణమగు ఖరగ్‌పూర్ మిక్కిలి అనుకూలమైన స్థానము. పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వేవారు అక్కడ జంక్షను నిర్మించి, పిదప పెద్ద కార్ఖానాను నెలకొల్పగా, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి కూలికిని కొలువునకును తరలిపోయిన తెలుగువారు ఓల్డ్ సెటిల్‌మెంటు, న్యూ సెటిల్‌మెంటు, మథురాకాటి, నింపురా మున్నగు పేటలలో తరతరములుగా స్థిరపడిరి. 2020 డిసెంబరులో పశ్చిమ వంగ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగ నిర్ణయించుటకు ఈ పట్టణమునందలి తెలుగు జనసంఖ్యయే ముఖ్యకారణము. ఆ పట్టణమునకు అంచుననే, బ్రిటిషు ప్రభుత్వము స్వాతంత్ర్యయోధులను నిర్బంధించిన హిజ్లీ శిబిరపు భవనమునందు 1951లో దేశములోని మొట్టమొదటి ఐ.ఐ.టి. ఆరంభమైనది. అచటి ఆచార్యులు ప్రబీర్ కుమార్ బిశ్వాస్ గారు డిజిటల్ చిత్ర సంస్కరణమును గూర్చి చేసిన ఉపన్యాసములు ఎన్‌పిటిఇఎల్ అను అంతర్జాల పాఠముల పథకము మూలముగా దేశమందంతటి ఇంజనీరింగు విద్యార్థులకు అందుబాటులోనికి వచ్చినవి. ఇక ఖరగ్‌పూర్ సబ్‌డివిజనులోనే పింగ్లా బ్లాకునందు నయా అను పల్లె కలదు. హౌరా మార్గమున బాలిచక్ స్టేషనులో దిగి అచటికి పోవుదురు. ఆ పల్లె పటువాలు, అనగా చిత్రకార్ అను ఇంటిపేరుగల పటచిత్రకారులు, పూర్వము కాగితపు చుట్టలమీద దేవతాకథలు వ్రాసి పాడి వినిపించువారు; ఇప్పుడు ఆ బొమ్మలనే చీరలమీదను, ఉత్తరీయములమీదను, టీషర్టులమీదను వ్రాసి అమ్ముచున్నారు. కాంతిగణితము బోధించు విద్యాలయమును, వస్త్రముమీద చిత్రము వ్రాయు పల్లెయు, బట్ట కొని కట్టు కార్మికజనమును ఇంత సమీపమున కూడియుండుట అరుదు.

వస్త్రముమీద పడిన కాంతి రెండు విధముల మన కంటికి చేరును. నూలుపోగులలోనికి చొచ్చి, రంగుకణములను తాకి, కొంత పీల్చబడి, మిగిలినది అన్నివైపులకును వెదజల్లబడి వచ్చునది మొదటిది. దీనియందు బట్టరంగు ఉండును. పోగు పైపొరనుండియే తటాలున తిరిగివచ్చు మెరుపు రెండవది. దీనియందు బట్టరంగు ఉండదు, దీపపు రంగు లేక సూర్యకాంతి రంగు మాత్రమే ఉండును. మొదటి విధమునకు సంబంధించిన నియమమును, అనగా తలము కాంతివైపు ఎంత తిరిగియున్నదో దానిని బట్టి వెలుగు హెచ్చుతగ్గులగు ననుదానిని, యోహాన్ హైన్‌రిఖ్ లాంబర్ట్ 1760లో ప్రకటించెను. ఈ రెండింటి కూడికయే కంటికి కనబడు రంగు అని 1985లో స్టీవెన్ షేఫర్ సూత్రీకరించెను. అంతకుముందే 1978లో బారో, టెనెన్‌బామ్ అను శాస్త్రజ్ఞులు, ఏ ఛాయాచిత్రమునైనను వస్తువు స్వంత వర్ణమనియు, దానిపై పడిన వెలుగునీడలనియు రెండు పొరలుగా విడదీయవచ్చునని సిద్ధాంతీకరించిరి. ఒక పొరను మరియొక పొరతో గుణించినచో ఛాయాచిత్రము వచ్చును. వర్ణపరివర్తన విద్యకు ఈ గుణకారమే పునాది: వర్ణపు పొరను మార్చవలయును, నీడపొరను ముట్టరాదు.

కాగితముమీద సులభముగా తోచు ఈ విభజన చిత్రముగల వస్త్రమువద్దకు వచ్చుసరికి చిక్కుపడును. ఏలయనగా అచట నీడలు రెండు జాతులవి కలియును. బట్ట మడతపడుటచేత ఏర్పడునది వస్త్రగతమైన నీడ. చిత్రకారుడు తన బొమ్మకు గుండ్రదనము కల్పించుటకై తానే వ్రాసినది చిత్రగతమైన నీడ. మొదటిది వెలుగుతో కదలును, రెండవది బొమ్మతో కదలును. నయా పటచిత్రములలో ఈ రెండవ జాతి నీడ దాదాపు లేదు. నల్లని గీత గీసి, దాని లోపల పసుపుకొమ్మునుండి తీసిన పసుపువన్నెను, అపరాజితా పుష్పమునుండి, అనగా మన శంఖుపుష్పమునుండి, తీసిన నీలమును, చిక్కుడాకుల హరితమును, దీపపుమసి నలుపును మారేడు జిగురుతో కలిపి చదునుగా నింపుదురు. అందుచేత నయా పటము వ్రాసిన చీరను కట్టుకొన్న స్త్రీ ఛాయాచిత్రమునందు కనబడు నీడ సమస్తమును కుచ్చిళ్లదియు పైటదియు అగును. దానిని నిస్సందేహముగా నీడపొరలో చేర్చవచ్చును. కాళీఘాట్ పటముల సంగతి వేరు. మేదినీపుర మండలమునుండియు ఇతర పల్లెలనుండియు పందొమ్మిదవ శతాబ్దిలో కలకత్తా కాళికాలయ పరిసరములకు వలసపోయిన పటువాలు, యాత్రికులకు త్వరత్వరగా వ్రాసి అమ్ముటకై, అవయవముల అంచువెంట ముదురురంగును నడిపి లోపలికి పలుచన చేయు పద్ధతిని అవలంబించి, ఆ ఒక్క కుంచె విసురుతోనే బొమ్మకు దుక్కదనము తెచ్చిరి. ఇట్టి బొమ్మను అచ్చువేసిన టీషర్టుయొక్క రంగులు మార్చునపుడు, చేయి అంచున ఉన్న ఆ ముదురుతనము చిత్రకారునిదని తెలిసి దానిని కొత్త రంగుయొక్క ముదురుతనముగా మార్చవలయును. దాని ప్రక్కనే ముడుతవలన కలిగిన నల్లదనమును మాత్రము బట్టదిగానే ఉంచవలయును. మనిషి కన్ను ఈ రెంటిని క్షణములో వేరుచేయును, ఏలయన బట్టనీడ బొమ్మ గీతలను లక్ష్యపెట్టక వాటిని దాటిపోవును, చిత్రనీడ గీతవద్దనే ఆగును. యంత్రమునకు ఈ వివేకము నేర్పుట నేటికిని కష్టమే.

మన కలంకారీయందు ఇంకొక విశేషమున్నది. శ్రీకాళహస్తి చిత్రకారులు కరక్కాయ కషాయములో తడిపిన గుడ్డపై, ఇనుమును బెల్లముతో నానవేసి తీసిన కసిమితో నల్లగీతలు వ్రాసి, పటిక పట్టించినచోట ఎరుపును నిలిపి, నీలముపై పసుపు పూసి ఆకుపచ్చను సాధింతురు. ఒక అద్దకముమీద మరియొక అద్దకము పడినపుడు రెండును చెరికొంత కాంతిని పీల్చుకొనును. మిగిలిన కాంతి రెండింటి గుణకారమగును. ఫోటోషాప్, గింప్, క్రీటా మున్నగు సాఫ్ట్‌వేరులలో మల్టిప్లై అను పేర కనబడు కలయికవిధానము చేయు లెక్కయు సరిగా ఇదియే.

ఆ లెక్కను ఒక ఉదాహరణముతో చూపవచ్చును. తెల్లని బట్టపై ఒకానొక మడతలో వెలుగు 255కు 153 ఉన్నదనుకొందము. వేయదలచిన ఎరుపుయొక్క విలువ 200 అనుకొందము. 153ను 200తో గుణించి 255తో భాగింపగా 120 వచ్చును. మడతలో ఎరుపు అంతమేరకు తగ్గి, అది నీడలోని ఎరుపుగా కనబడును. తెల్లబట్టకు ఇంతమాత్రము చాలును. బట్ట ముందే రంగుదైనచో మొదట భాగహారము చేయవలయును: పూర్తివెలుగులో ఉన్నచోట ఆ రంగు విలువ 230 ఉండి, మడతలో 115 ఉన్నచో, నీడ సగమని తేలును, కొత్త రంగును ఆ సగముతో గుణింపవలయును. భాగించి పాతరంగును తీసివేయుట, గుణించి కొత్తరంగును వేయుట అను ఈ రెండడుగులే పరివర్తన సారము.

ఇందులో అనుభవజ్ఞులు మాత్రమే గమనించు మెలకువ యొకటి కలదు. ప్రతి పిక్సెలులోను ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు పాళ్లుండునుగదా, నీడను ఏ పాలులో కొలవవలయును? పసుపుబట్ట నీలికాంతిని దాదాపు పూర్తిగా పీల్చుకొనును గావున దాని నీలపుపాలు సున్నకు సమీపమున ఉండి, కెమెరాయొక్క రణగొణ తప్ప మరేమియు చెప్పదు. అట్టిదానితో భాగించినచో మచ్చలు పుట్టును. పసుపునకు ఎరుపుపాలు, ఆకుపచ్చపాలు నమ్మదగినవి. మిరపపండు ఎరుపునకు ఎరుపుపాలే శరణ్యము. బట్ట ఏ కాంతిని విరివిగా వెదజల్లునో ఆ కాంతియందే దాని నీడ స్పష్టముగా వ్రాయబడియుండును.

రంగునిడుటలో మిక్కిలి తరచుగా జరుగు పొరపాటు పసుపును నీలముగా మార్చునపుడు బయలుపడును. వర్ణము, గాఢత, విలువ అను మూడంశములుగా రంగును విడదీయు హెచ్‌ఎస్‌వి పద్ధతిని ఆల్వీ రే స్మిత్ 1978లో ప్రకటించెను. సాఫ్ట్‌వేరులలో వర్ణమును త్రిప్పు జారుడుబిళ్ల ఈ జాతి పద్ధతులమీదనే నడచును. ఇందులో నిండు పసుపునకును నిండు నీలమునకును విలువ సమానమే. కాని మానవనేత్రమునకు అవి సమానములు కావు: తెర తెలుపును 1 అనుకొన్నచో నిండు పసుపు వెలుగు సుమారు 0.93, నిండు నీలము వెలుగు సుమారు 0.07, అనగా పదమూడురెట్ల తేడా. కావున బిళ్ల త్రిప్పినంతనే ఎండలో వెలుగుచున్న చీర చీకటిలో పడినట్లగును. దీనిని సవరింపబోయి, పాత వెలుగును చెక్కుచెదరకుండ నిలిపి వర్ణమును మాత్రమే మార్చు కలర్ అను కలయికవిధానమును వాడినచో, అంత వెలుగులో గాఢమైన నీలము తెరపై సాధ్యము కాదు గనుక, వెలిసిన లేత నీలము వచ్చును. ఈ రెండును తప్పుదారులే యగుటకు కారణము, వెలుగును నీడను ఒకటిగా భావించుటయే. పసుపు స్వభావసిద్ధముగా వెలుగుగలది. ఆ వెలుగు వర్ణమునకు చెందినది, నీడకు కాదు. మార్పవలసినది ఆ వర్ణపు వెలుగును. నిలుపవలసినది మడతకును మిట్టకును గల నిష్పత్తిని. కంటికి అనుగుణముగా వెలుగును కొలుచుటకై అంతర్జాతీయ ప్రకాశ సంఘమువారు 1976లో నిర్ణయించిన ల్యాబ్ వర్ణమానము కొత్త రంగును ఎన్నుకొనుటకు చక్కగా ఉపకరించును; అందు పసుపు 97, నీలము 32 అను అంకెలతో ఈ అంతరము ముందే కనబడును.

తెరకు పంపబడు అంకెలు వెలుగుకు సమానుపాతములో ఉండవను సంగతియు గుర్తుంచుకొనవలయును. 255లో 128 సగమువలె తోచినను అది ఇంచుమించు 22 శాతము వెలుగే. గుణకారభాగహారములకు దీనివలన పెద్ద హాని లేదు, ఏలయన అంకెనుండి వెలుగును తెచ్చు ఘాతాంకము మారినను నిష్పత్తులు నిష్పత్తులుగానే నిలుచును. కాని మెరుపును కలుపుట, అంచులను మెత్తపరచుట మున్నగు కూడికపనులను అసలు వెలుగు కొలతలోనికి మార్చుకొనియే చేయవలయును. లేనిచో రెండు రంగులు కలియు అంచున మురికిగీత యేర్పడును.

తెలుపును నలుపుగాను, నలుపును తెలుపుగాను మార్చుట ఈ విద్యకు గట్టి పరీక్ష. తెల్లబట్ట మడతలో పడిన కాంతి ఒక గోడనుండి మరియొక గోడకు తగిలి తిరుగును గనుక అచటి నీడ పలుచనగును. నల్లబట్టలో మొదటి తాకుడుతోనే కాంతి ఇంకిపోవును గనుక నీడ ముదురుగా నుండి, పైమెరుపు మాత్రము స్పష్టముగా కనబడును. అందుచేత తెల్లదానిని నల్లగా చేయువారు మడతలను మరికొంత లోతుచేసి, లేని మెరుపును కొద్దిగా కల్పింపవలసివచ్చును. నల్లదానిని తెల్లగా చేయుట ఇంకను దుష్కరము. మామూలు జేపెగ్ చిత్రములో ఒక్కొక్క పాలునకు 256 మెట్లే ఉండగా, నల్లబట్ట నీడలన్నియు వానిలో ముప్పది మెట్లలోనే ఇమిడియున్నచో, వాటిని సాగదీసి తెల్లబట్టకు తగినంత విశాలము చేసినపుడు నునుపైన నీడ మెట్లుమెట్లుగా విరిగిపోవును. కెమెరా రా ఫైలునుండి పదునారు బిట్ల చిత్రము తీసికొన్నవారికి ఈ బాధ చాలవరకు తప్పును. రంగుగల బట్ట మడతలోనైతే కాంతి అద్దకమును రెండుమూడుసార్లు తాకును. అందుచేత పసుపుచీర కుచ్చిళ్ల లోపలి రంగు ఉత్తనల్లన గాక బంగారుచాయకు తిరుగును. ఆ ఎరుకతో మడతలలో గాఢతను కొంచెము పెంచినవారి పని జీవముతో నుండును.

పట్టుబట్టలలో మెరుపు హెచ్చు. భాగింపకముందే మెరుపును వేరుపొరగా తీసి దాచి, రంగు మార్చిన పిదప మరల పైన చేర్చవలయును. అట్లు చేయనిచో మెరుపునకు సైతము కొత్తరంగు అంటి, పట్టు లోహపు రేకువలె కనబడును. జరీ దీనికి విరుద్ధము. లోహము మెరుపు లోహపు రంగులోనే ఉండును గావున, బంగారుజరీని వెండిజరీగా మార్చునపుడు మెరుపునకును రంగు మార్చవలయును. పడుగు ఒక రంగును పేక మరియొక రంగునుగల నెమలికంఠపు చీరకు ఒక్క వర్ణపుపొర చాలదు. చూచు కోణమును బట్టి ఏ పోగు పైకి వచ్చునో ఆ రంగు హెచ్చును గనుక, నీలముగా కనబడు భాగములకును ఆకుపచ్చగా కనబడు భాగములకును వేర్వేరు మాస్కులు, అనగా ఎంపికహద్దులు, గీయకతప్పదు.

నీడ మాత్రమే మిగిలి వర్ణము బొత్తిగా లేనిచోట రంగువేయుటకు తెలుగువారికి ప్రసిద్ధమైన దృష్టాంతము మాయాబజార్. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వమున, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణముతో వెలువడిన ఆ నలుపుతెలుపు చిత్రమును హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థవారు రంగులలోనికి మార్చి 2010లో విడుదల చేసిరి. అంతకుముందు 2004లో మొఘల్-ఎ-ఆజమ్ హిందీచిత్రము అట్లే రంగులలో వచ్చియుండెను. ఇట్టి పనిలో బార్ట్‌లే పట్టిన వెలుగునీడలు ఫిల్ముమీద సిద్ధముగానే ఉన్నవి. వాటిని నిలుపుకొని, వర్ణమును గాఢతను మాత్రము చేర్చవలయును. కాని నాయిక శశిరేఖ చీర నిజముగా ఏ రంగుదో ఫిల్ము చెప్పదు. ఎరుపును ఆకుపచ్చయు ఒకే బూడిదవన్నెగా పడియుండవచ్చును. అందుచేత అచటి రంగు పునరుద్ధరణము గాక, కళాకారుని నిర్ణయమగును. ప్రేక్షకుడు దానిని నమ్ముటకు కారణము రంగు సత్యమగుట కాదు, బార్ట్‌లే నీడ సత్యమగుట.

సాధనముల చరిత్రము క్లుప్తముగా చెప్పవచ్చును. ఫోటోషాప్ 1990లో వెలువడెను. పొరలు దానిలో 1994లో చేరినవి. ఉచితముగా లభించు గింప్ 1996లో వచ్చినది. ఒక చిత్రపు వర్ణసరళిని మరియొకదానికి స్వయముగా దిద్దు పద్ధతిని 2001లో రైన్‌హార్డ్ ప్రభృతులును, అచ్చటచ్చట నాలుగు గీతలు గీసినచో రంగు తానే పరచుకొను పద్ధతిని 2004లో లెవిన్, లిషిన్‌స్కీ, వైస్ అనువారును, చిత్రములోని ప్రధానవర్ణములను ఏరి వాటిని మార్చినంతనే చిత్రమంతయు మారు పద్ధతిని 2015లో చాంగ్ ప్రభృతులును ప్రకటించిరి. నేటి కృత్రిమమేధా సాధనములు మనిషినుండి బట్టను వేరుచేయుటలో గంటల శ్రమను తగ్గించినవి. ఐనను చిత్రనీడను వస్త్రనీడను కలగలుపు దోషము వాటిని ఇంకను విడువలేదు. జరీ అంచులవద్దను, పైటకొంగు పలుచని భాగములవద్దను మనిషి చేతిదిద్దుబాటు అవసరమగుచునే యున్నది.

తెరమీద కుదిరిన రంగు గుడ్డమీద కుదురునను హామీ లేదు. తెర కాంతిని కలుపును, సిరా కాంతిని తీసివేయును; తెరపై వెలుగు కొన్ని నీలములును ఆకుపచ్చలును నాలుగు సిరాల ముద్రణమునకు అందవు. ట్యూబులైటు క్రింద జతపడిన రెండు రంగులు ఎండలోనికి రాగానే విడిపోవుటయు కలదు. కావున కొనువానికి తెరచిత్రము చూపినవారు అచ్చువేయుటకు ముందు గుడ్డముక్కపై నమూనా తీసి పగటివెలుగులో పోల్చవలయును. స్క్రీన్ ప్రింటింగులో ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క తెర కావలయును గనుక, తెరచిత్రములోని మడతనీడ పొరబాటున ముద్రణఫైలులో చేరినచో నీడయే బట్టమీద అచ్చుపడి, ఆ బట్ట తొడిగినపుడు అసలు మడతతో కలహించును. చూపుటకు ఒక ఫైలు, అచ్చునకు ఒక ఫైలు వేరుగా ఉంచుట శ్రేయము.

చివరగా న్యాయమును గూర్చి. చిత్రము అనామకమైన సొత్తు కాదు. నయా పటువా తన చేతితో వ్రాసిన పటము కళాకృతియే. 1957నాటి భారత కాపీరైటు చట్టము ప్రకారము అట్టి కృతిపై హక్కు కర్త జీవితకాలమును, తదనంతరము అరువది సంవత్సరములును నిలుచును. తన గౌరవమునకు భంగకరముగా కృతిని వికృతపరచినచో అడ్డగించు హక్కును 57వ సెక్షను కర్తకు ప్రత్యేకముగా ఇచ్చుచున్నది. నీలిమేనుగల రాముని గులాబిరంగు చేయుట సాఫ్ట్‌వేరునకు ఒక్క క్షణపు పని. వ్రాసినవానికి అది అవమానము కావచ్చును. ఖరగ్‌పూర్‌లో గాని, మరెచ్చట గాని, పటువాల చిత్రములను టీషర్టులకును చీరలకును ఎత్తి రంగులు మార్చదలచిన తెలుగు యువకులు మొదట బాలిచక్‌లో దిగి ఆ చిత్రకారుని కలిసికొని, అనుమతి పొంది, ప్రతిఫలమిచ్చి, వస్త్రముమీద అతని పేరును కూడ అచ్చువేయవలయునని మనవి.